బరోక్ రంగస్థల దుస్తులు వెతుక్కుంటూ: పారిస్, వెర్సాయ్, మూలాఁ

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌ని ఏలిన పద్నాలుగో లూయీ కాలపు (బరోక్ శైలి) నాటక, నృత్య దుస్తులు చూడాలని ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్లాలి. ఆనాటి బట్ట దాదాపు ఏమీ మిగల్లేదు. మిగిలిందంతా కాగితమే: డిజైనర్లు వేసిన బొమ్మలు, వాటిని రాగిరేకు మీద చెక్కి అచ్చొత్తిన ప్రతులు, ఆ ప్రతులకు చేత్తో రంగులద్దిన పుస్తకాలు. అందుకే నా యాత్ర మ్యూజియాల కంటే లైబ్రరీల చుట్టూనే ఎక్కువ తిరిగింది. నా మటుకు నాకు అదే మంచిదైంది.

పారిస్‌లో మొదట చూడాల్సింది జాతీయ గ్రంథాలయం వారి రిషెల్యూ భవనం. సుదీర్ఘమైన మరమ్మతుల తర్వాత 2022లో పూర్తిగా తెరిచారు. 1653లో పద్నాలుగేళ్ల లూయీ ‘రాత్రి బాలే’ అనే నృత్య ప్రదర్శనలో సూర్యదేవుడు అపోలోగా నాట్యం చేశాడు. ఆ వేషం బొమ్మ ఈ గ్రంథాలయం సొత్తే. ఆనాటి వేషాల రూపకర్త ఆన్రీ గిస్సే బృందం గీసిందని చెబుతారు. తల చుట్టూ బంగారు కిరణాలు, పైన ఈకలు, రొమ్ము మీద సూర్యబింబం. మోకాళ్ల దగ్గరా, బూట్ల మీదా కూడా కిరణాలే. కాలు కదిపితే వెలుగు కదలాలని గీసినవాడి ఆలోచన. కొవ్వొత్తుల వెలుతురులో ఆ జరీ ఎలా మెరిసి ఉంటుందో ఊహించుకుంటూ ఆ బొమ్మ దగ్గరే చాలాసేపు ఉండిపోవచ్చు.

అయితే కాగితం వెలుతురుకి పాడవుతుంది కాబట్టి గ్యాలరీలో పెట్టే బొమ్మల్ని కొన్ని నెలలకోసారి మారుస్తుంటారు. మీరు వెళ్లినప్పుడు అపోలో కనిపించకపోవచ్చు. గ్రంథాలయం వారి గల్లికా వెబ్‌సైట్‌లో ఆ బొమ్మ ఉచితంగా దొరుకుతుంది, దగ్గరికి లాగి దారాల గీతలతో సహా చూడొచ్చు. అక్కడ చూసుకుని వెళ్లండి. రిషెల్యూ భవనంలో టికెట్ అక్కర్లేని అండాకారపు పఠనశాల ఒక్కటి చూసినా వెళ్లిన శ్రమ దక్కుతుంది.

పారిస్ పాత ఒపెరా భవనం పాలే గార్నియేలో ఒపెరా లైబ్రరీ మ్యూజియం ఉంది. భవనం చూసే టికెట్‌తోనే అందులోకీ వెళ్లొచ్చు. మెట్ల దగ్గర జనం తోపులాట ఎక్కువ, దుస్తుల కోసమే అయితే ఆశలు తగ్గించుకుని వెళ్లాలి.

నా మనసంతా వెర్సాయ్‌లో ఉండిపోయింది. కోటలో కాదు, కోటకి కూతవేటు దూరంలో ఉన్న మునిసిపల్ లైబ్రరీలో. పదిహేనో లూయీ విదేశాంగ శాఖ కోసం 1760ల మొదట్లో కట్టిన భవనమిది. దస్తావేజులు అగ్నిప్రమాదంలో కాలిపోకూడదని ఇటుకల కప్పు వేశారు. ఇక్కడ ఉన్న అసలు నిధి 1662 కారుసెల్ (గుర్రపు స్వారీ ఉత్సవం) పుస్తకం.

ఆ ఏడాది జూన్ 5, 6 తేదీల్లో పారిస్‌లో తుయిలరీ ప్యాలెస్ ముందు గుర్రపు స్వారీ ఉత్సవం జరిగింది. సర్దారులు ఐదు జట్లుగా దిగారు: రోమన్లు, పర్షియన్లు, తురుష్కులు, ఇండియన్లు, అమెరికా ఆదివాసులు. వేషాల రూపకర్త గిస్సే. రాజు రోమన్ చక్రవర్తి, శిరస్త్రాణం మీద నిప్పురంగు ఈకలు. ఆంగియెన్ డ్యూక్ ‘ఇండియా రాజు’. 1670లో ఆ ఉత్సవాన్నంతా పెద్ద పుస్తకంగా అచ్చు వేశారు. రాజు సొంత ప్రతిలోని అచ్చుబొమ్మల మీద జాక్ బయీ అనే చిత్రకారుడు గ్వాష్ అనే చిక్కని నీటిరంగులూ బంగారమూ అద్దాడు. ఆ ప్రతే వెర్సాయ్‌లో ఉన్నది.

నేను చూసింది దాని డిజిటల్ రూపం. ఒకే బొమ్మ నలుపు తెలుపు అచ్చునీ, బయీ రంగుల ప్రతినీ పక్కపక్కన పెట్టి చూశాను. అచ్చులో ఈకలన్నీ ఒకే మోస్తరు గీతలు. రంగు పడ్డాక ఒక్కో ఈక చివర వంపు తిరిగి బరువుగా వాలింది, భుజాల మీది పట్టీల అంచు వెలిగింది. మన పౌరాణిక నాటకాల భుజకీర్తులు చూస్తూ పెరిగిన కళ్లకి ఆ పట్టీలు పరాయివిగా అనిపించవు. ‘ఇండియా రాజు’ వేషంలో మాత్రం మన దేశం ఎక్కడా లేదు. ఆ ఈకల గుట్ట చూస్తే దూరదేశాల గురించి ఆ దర్బారు కన్న కల తెలుస్తుంది, అంతే. నాకు అదే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

అసలు ప్రతిని అడగ్గానే చూపించరు. చూపించకూడదు కూడా. భవనంలోని పాత గ్యాలరీ ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కుని వెళ్లండి. అదే ఊళ్లో 1770లో ప్రారంభమైన రాజ ఒపెరా హాలు చూడటం మరిచిపోవద్దు. పాలరాయిలా కనిపించేదంతా రంగులు వేసిన చెక్కే.

మధ్య ఫ్రాన్స్‌లో ఉన్న మూలాఁలోని జాతీయ రంగస్థల దుస్తుల కేంద్రానికి పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి రైల్లో దాదాపు రెండున్నర గంటలు. పద్దెనిమిదో శతాబ్దపు అశ్వికదళ బారక్‌లో 2006లో పెట్టారు. సుమారు పదివేల దుస్తులున్నాయి. బరోక్ కాలపువి కావాలంటే ఇక్కడ నిరాశే, ఎక్కువ భాగం పంతొమ్మిదో శతాబ్దం నడుమ నుంచీ ఉన్నవి. పైగా బాలే నర్తకుడు నూరెయెవ్ సేకరణ లాంటివి తప్ప దుస్తులు ఎక్కువగా తాత్కాలిక ప్రదర్శనల్లోనే కనబడతాయి, ఏ విషయం మీద నడుస్తోందో చూసుకునే టికెట్ కొనాలి. అయినా నేను వెళ్లమనే చెబుతాను. బొమ్మలో నడుము నుంచి గంటలా విచ్చుకునే పొట్టి ‘తొన్నెలే’ లంగా నిలబడాలంటే లోపల ఎంత కట్టుదిట్టం ఉండాలో, కుట్టు దగ్గరగా చూశాకే అర్థమవుతుంది. తిరుగు రైళ్లు తక్కువ, ముందే బుక్ చేసుకోండి.

ఇక కొనుగోళ్లు. లూయీ దర్బారు డిజైనర్ జాఁ బెరాఁ వేషాల బొమ్మలు పారిస్‌లో సేన్ నది ఒడ్డునా, పాత బొమ్మల దుకాణాల్లోనూ కనబడతాయి. ఒకచోట కొత్త ఆఫ్‌సెట్ ముద్రణని ‘పాతదే’ అంటూ చూపించారు. చిన్న భూతద్దం వెంట ఉంచుకోండి. రంగు చుక్కలు చుక్కలుగా కనబడితే యంత్రం పని. రాగిరేకు అచ్చు అయితే బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గుర్తు సాధారణంగా వేలికి తగులుతుంది, చేత్తో వేసిన రంగు అక్కడక్కడా గీత దాటుతుంది. జ్ఞాపకానికి చాలనుకుంటే మ్యూజియం దుకాణాల్లోని కార్డులు చాలు. అవి నకళ్లని చెప్పే అమ్ముతారు.

బసకి పారిస్ కంటే వెర్సాయ్‌కే నా ఓటు. పారిస్‌లో దిగిన చిన్న హోటల్లో లిఫ్ట్ లేదు, గదిలో పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు. వెర్సాయ్‌లో రాత్రులు ప్రశాంతం, నోత్ర్ దామ్ మార్కెట్లో పళ్లూ రొట్టే దొరుకుతాయి, ఆర్‌ఈఆర్ సి రైలెక్కితే ముప్పావు గంటలోపే పారిస్ నడిబొడ్డు. ఇడ్లీ, దోసె మీదికి మనసు పోతే గార్ ద్యు నోర్ వెనక లా షపెల్ వీధుల్లో తమిళుల హోటళ్లున్నాయి. సోమవారం కోటకీ, రిషెల్యూ మ్యూజియానికీ సెలవు. ఆ రోజుని విశ్రాంతికి ఉంచుకోండి.