కాంప్లెక్స్ ప్రోతో ఆరేళ్లు: గుడి గుడ్డి కాకుండా

పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లో ఆరు వార్ప్ మోడ్‌లున్నాయి, అంటే పాట వేగాన్ని మార్చే ఆరు పద్ధతులు. ఏది దేనికో మాన్యువల్లో ఉంది, అది చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పేది కాంప్లెక్స్ ప్రో ఒక్కదాని గురించే, అదీ తెలుగు గొంతుల మీద. బెంగళూరులో తెలుగు నైట్‌కి జనం వినడానికి రారు, పాడటానికి వస్తారు. కోరమంగల పబ్బులో కిక్ (డ్రమ్ము దెబ్బ) కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. మాట తేడా పడితే మాత్రం రెండో లైనుకే గొంతులు ఆగిపోతాయి.

92 బీపీఎం (నిమిషానికి 92 బీట్లు) పాటని 124కి తేవడం మాకు రోజూ ఉండే పని. 652 మిల్లీసెకన్ల బీటు 484కి దిగుతుంది. వేగంతో పాటు శ్రుతినీ మార్చే రీ-పిచ్ మోడ్‌లో చేస్తే శ్రుతి ఐదు సెమిటోన్లకు పైగా లేచి గాయకుడు చిన్నపిల్లాడైపోతాడు. కాంప్లెక్స్ ప్రోలో శ్రుతి కదలదు, గొంతు మొహం మారదు. 2009లో లైవ్ 8తో వచ్చిన మోడ్ ఇది. ఇప్పటికీ తెలుగు పాటకి నా మొదటి ఎంపిక ఇదే.

చిక్కంతా మార్కర్లతో, తప్పు పూర్తిగా పెట్టేవాడిదే. కొత్తలో అందరం చేసే పని ఒకటుంది: ప్రతి అక్షరానికీ ఒక వార్ప్ మార్కరు (శబ్దంలో ఒక చోటుని బీటుకి కట్టే గుర్తు) కొట్టి, ఒక్కోదాన్నీ తెర మీది బీట్ల గ్రిడ్డు గీత మీదికి లాగడం. చూడ్డానికి ముత్యాల్లా కనిపిస్తుంది. వింటే "గుడి" కాస్తా "గుడ్డి" అయి కూర్చుంటుంది. "పాలు" "పలు" అవుతుంది, "ఎన్నాళ్లు" "ఎనాళ్లు" అవుతుంది.

ఎందుకంటే తెలుగులో అక్షరం పొడవే అర్థం. హ్రస్వానికీ దీర్ఘానికీ, ఒత్తుకీ ఒత్తు లేనిదానికీ చెవి పట్టుకునే తేడా ముఖ్యంగా కాలంలోనే ఉంది. "గుడ్డి"లో డకార ఒత్తు దగ్గర నాలుక అంటుకుని ఆగే సమయం "గుడి"లో కంటే సుమారు రెండింతలు. పాట మొత్తాన్నీ ఒకే లెక్కన 26 శాతం కుదిస్తే అన్నీ ఒకేలా కుదించుకుపోతాయి, నిష్పత్తి చెడదు, చెవి సర్దుకుంటుంది. అక్షరానికో మార్కరు పెడితే ఒక ముక్క 10 శాతం కుదించుకుపోతుంది, పక్కది 40 శాతం, ఇంకొకటి సాగుతుంది కూడా. సాగిన ముక్క సరిగ్గా ఆ డకారం దగ్గర పడిందా, గుడి గుడ్డిదే. మోడ్ ఏదైనా ఇంతే. ఇంగ్లిష్ పాటల మీద చేసిన ట్యుటోరియళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పరు, వాళ్లకి ఈ బాధ ఇంతగా లేదు మరి.

ఇప్పుడు పాటించే పద్ధతి చెప్తాను. మొదటి గట్టి బీటు దగ్గర 1.1.1 (పాట మొదలు గుర్తు) పెట్టి, క్లిక్ (మెట్రోనోమ్) మీద రికార్డయిన పాటైతే, ఒకే వేగంతో మొత్తాన్నీ సర్దే వార్ప్ ఫ్రమ్ హియర్ స్ట్రెయిట్ కొట్టి వదిలేయడం. లైవ్ 92ని 184గా చదివిందేమో ముందే చూసుకోవాలి, అలా ఉంటే సగం చేసే బటన్ ఉంది. పాత ఆర్కెస్ట్రా రికార్డింగులైతే లయ కదులుతుంది కాబట్టి మార్కర్లు తప్పవు. కానీ గాయకుడు ఊపిరి పీల్చే చోట ఒకటి, లైనులో బరువు పడే మాట మీద ఒకటి, నాలుగు బార్లకి (బారుకి నాలుగు బీట్లు) మూడు మించితే అనుమానించాలి.

ఆ మార్కరు కూడా తరంగం లేచిన చోట కాదు, అచ్చు మొదలైన చోట పెట్టాలి. "సరే" అన్నప్పుడు సకారం బుస ముందే వస్తుంది, చెవి తాళం వేసుకునేది అకారం దగ్గర. బుస మొదలైన చోటుని బీటు మీద పెడితే మాట వంద మిల్లీసెకన్ల దాకా వెనకబడొచ్చు. 124లో బీటులో నాలుగో వంతు, అంటే గ్రిడ్డులో ఒక గడి, 121 మిల్లీసెకన్లే, కాబట్టి ఇది దాదాపు ఒక గడి ఆలస్యం. శ, ష, చ, అన్నింటికీ ఇదే.

తీన్మార్ దెబ్బ ఉన్న పాటలకి ఇంకో మాట. అవి తిశ్ర నడకలో ఉంటాయి. మూడేసి మాత్రల్ని లాగి నాలుగు గడుల్లో కూర్చోబెట్టాలని చూస్తే మాటలు కుంటుతాయి. మూడు మాత్రలకి ఒక కిక్ ఇచ్చి, గ్రిడ్డుని ట్రిప్లెట్‌కి మార్చి (కంట్రోల్ 3), హైహ్యాట్‌ని పాట దారిలోకి తెస్తే సరిపోతుంది. పాట మారాల్సిన పని లేదు.

కాంప్లెక్స్ ప్రోలోని ఫార్మెంట్స్ స్లయిడరు (శ్రుతి మార్చినా గొంతు రంగు నిలిపేది) గురించి మొదట్లో తెగ పొగిడాను, స్నేహితులందరికీ చెప్పాను. కాస్త వెనక్కి తీసుకోవాలి. శ్రుతి మార్చకుండా వేగం ఒక్కటే మారిస్తే అది ఏమీ చేయదు. తిప్పుతూ తేడా వినిపించినట్టు అనుకున్న రోజులు ఉన్నాయి. శ్రుతి మూడు సెమిటోన్లు పెంచినప్పుడు మాత్రం దాని విలువ తెలుస్తుంది. 100 దగ్గర మగగొంతుకి ముసుగేసినట్టు అనిపిస్తుంది, 65 నుంచి 75 మధ్య నాకు నచ్చింది. పక్కనున్న ఎన్వలప్ స్లయిడరుని 128 దగ్గరే ఉంచండి, పైస్థాయిలో పాడే ఆడగొంతుకైతే 90 దాకా దించి వినండి.

డప్పు, తబలా కాంప్లెక్స్ ప్రోకి ఇవ్వకండి. ఇలాంటి పద్ధతులు శబ్దాన్ని ముక్కలుగా విశ్లేషించి మళ్లీ అల్లుతాయి, అందుకే దెబ్బ అంచు మెత్తబడుతుంది. వాటికి బీట్స్ మోడ్, ప్రిజర్వ్ ట్రాన్సియెంట్స్ (దెబ్బ అంచుల్ని కాపాడే సెట్టింగు). 122 పాటని 124కి తేవాలంటే అసలు సాగదీతే వద్దు, రీ-పిచ్ చాలు. శ్రుతి లేచేది 28 సెంట్లే (సెమిటోనులో వందో వంతు ఒక సెంటు).

డెముక్స్ లాంటి వాటితో పాట నుంచి గొంతు విడదీసి తెస్తే అడుగున హైహ్యాట్ తుక్కు మిగులుతుంది. కుదిస్తే అది నీళ్లలో బుడగల్లా మోగుతుంది. సాగదీయకముందే 12 కిలోహెర్ట్జ్ పైన కోసి, మాటల మధ్య ఖాళీల్ని చేత్తో సున్నా చేయాలి. లీడ్, డబుల్ (అదే లైను మళ్లీ పాడినది), కోరస్ వేర్వేరు ట్రాకులైతే ఒకే పొడవున్న క్లిప్పులన్నీ ఎంచుకుని మార్కర్లు ఒకేసారి కదపాలి. ఒకదాన్ని విడిగా కదిపితే రెండు గొంతులూ ఒకదాన్నొకటి తినేసి బోలుగా వినిపిస్తాయి. చాలా పబ్బుల్లో స్పీకర్లు మోనోలో నడుస్తాయి, అక్కడ ఈ బోలుతనం ఇంకా బయటపడుతుంది. రివర్బ్, డిలే ఎప్పుడూ సాగదీత అయ్యాకే.

లాప్‌టాప్ మీద బరువు తక్కువేం కాదు. నాలుగైదు గొంతు ట్రాకులు కాంప్లెక్స్ ప్రోలో ఉంటే నా 8 జీబీ మిషన్ ఆయాసపడుతుంది. ఫ్రీజ్ చేసి ఫ్లాటెన్ చేయాలి (సాగదీసినదాన్ని మామూలు ఫైలుగా మార్చడం), అయితే అసలు క్లిప్పుని పక్కన కాపీ ఉంచుకుని. ఫ్లాటెన్ అయిన ఫైలుని మళ్లీ సాగదీస్తే చెడింది రెండోసారి చెడుతుంది.

డీజే సెట్లో ఐదు శాతం అటూ ఇటూ జరిపేవాళ్లకి ఇది అక్కర్లేదు. లైవ్ కొనలేనివాళ్లకి రబ్బర్ బ్యాండ్ అనే సాగదీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఉంది, మూడో వెర్షన్ ఇంజను గొంతుల మీద బాగా పనిచేస్తుంది, కాకపోతే మార్కర్లని చూస్తూ లాగే సుఖం ఉండదు. నా పనంతా 20 నుంచి 35 శాతం వేగం పెంచే పాటలు, వాటికి ఇది సరిపోయింది. నెమ్మది చేయడంలో దీన్ని అంతగా పరీక్షించలేదు. 124 పాటని 90కి దించిన రెండు సార్లూ దీర్ఘాల చివర సన్నగా వణుకు వినిపించింది.