ముసలి పిల్లికి ఇన్సూరెన్సా, ఆర్‌డీయా?

మన నల్లగొండలో పిల్లికి ఇన్సూరెన్స్ అంటే ఇంట్లోవాళ్లే వింతగా చూస్తారు గానీ, పదేళ్లు దాటిన పిల్లి ఉన్నవాళ్లకు ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. నేనైతే ఇంకా ఏ జబ్బూ తేలని పిల్లికి, వయసు పరిమితి దాటకపోతే, ఇన్సూరెన్స్ పాలసీ, కిడ్నీ జబ్బు తేలిన పిల్లికి ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) అంటాను.

ఎందుకంటే పాలసీలు మామూలుగా పాత జబ్బులకు డబ్బులివ్వవు. ముసలి పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది కిడ్నీ జబ్బు: గిన్నెలో నీళ్లు ఊరికూరికే ఖాళీ అవుతుంటాయి, ఇసుక ట్రేలో తడి గడ్డలు పెద్దవవుతాయి, నిమిరితే వెన్నెముక చేతికి తగులుతుంది. పాలసీకి ముందే రక్తపరీక్షలో అది బయటపడితే దాని వైద్యానికి పైసా రాదు, దాచిపెట్టి చేరితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. కొత్తగా చేర్చుకోవడానికి వయసు పరిమితి కూడా ఉంటుంది, అది ముందే అడగండి. బిల్లు చాలాసార్లు ముందు మనమే కట్టాలి. అయినా పెద్ద ఆపరేషన్ పడితే పాలసీయే ఆదుకుంటుంది.

ఆర్‌డీకి ఈ షరతుల్లేవు. నెలకు వెయ్యి వేస్తే ఏడాదికి 12,000, పైన వడ్డీ. సెలైన్లకూ, మందులకూ, హైదరాబాద్ దాకా కారు కిరాయికీ వాడుకోవచ్చు. కానీ మగపిల్లికి రెండో నెలలోనే మూత్రం బందైతే, అది గంటల్లో ప్రాణం మీదికొచ్చే సంగతి, అప్పటికి ఖాతాలో ఉండేది రెండు వేలే.