20 ఏళ్ల హోమ్ లోన్ 8 ఏళ్ల 9 నెలల్లో తీర్చేశాం – మా అనుభవం, లెక్కలతో సహా

మొన్న 2025 జూన్‌లో మా హోమ్ లోన్ క్లోజ్ అయింది. చుట్టాల్లో, స్కూల్లో తోటి టీచర్లలో చాలామంది ఎలా కట్టారు ఎలా కట్టారు అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా మొత్తం ఒకేచోట రాసేస్తే నయం అనిపించింది. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపికున్నవాళ్లు చదవండి.

మాది హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. 2016 సెప్టెంబర్‌లో 30 లక్షలు లోన్ తీసుకున్నాం, 20 ఏళ్లు, ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్‌ని బట్టి మారేది), అప్పుడు 9.5 శాతం, ఈఎంఐ 27,964. మా వారు బేగంపేటలో ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, ఇద్దరు పిల్లలు, అత్తయ్య గారు మాతోనే ఉంటారు. అంటే సాఫ్ట్‌వేర్ జీతాలు కావు, అమెరికా నుంచి డబ్బులు పంపేవాళ్లు ఎవరూ లేరు, ఇది ముందే చెప్తున్నా ఎందుకంటే ఇలాంటివి చదివేటప్పుడు నాకు ఎప్పుడూ అదే డౌట్ వచ్చేది.

మొదటి ఏడాది ఏమీ ఎక్స్‌ట్రా కట్టలేదు, కట్టాలని కూడా తెలీదు. ఏడాది అయ్యాక బ్యాంక్ నుంచి స్టేట్‌మెంట్ వస్తే మా వారు భోజనం చేస్తూ చేస్తూ ఆగిపోయారు. మొదటి నెల కట్టిన 27,964లో వడ్డీకే 23,750 పోయింది, అసలులో తగ్గింది 4,214. ఏడాది మొత్తం 3 లక్షల 35 వేలు కడితే అసలు తగ్గింది 53 వేలు కూడా లేదు. అలాగే 20 ఏళ్లు కడితే మొత్తం 67 లక్షలు, అందులో వడ్డీ 37 లక్షలు. ఇల్లు కొన్నప్పుడు ధర దగ్గర లక్ష తగ్గించమని బిల్డర్‌తో మూడు వారాలు బేరమాడాం, ఈ 37 లక్షల గురించి మాత్రం ఒక్కరోజు కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

ఆ రోజు రాత్రే అనుకున్నాం, నా జీతం ఇంట్లోకి వాడకూడదు అని. అప్పుడు నా జీతం 14 వేలు. దాంట్లో 10 వేలు నెలనెలా లోన్‌కి, మిగతాది నా బస్ పాస్, పిల్లల చిల్లర ఖర్చులు. ఇల్లంతా మా వారి జీతంతోనే నడవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్ ముందుగా కడితే పెనాల్టీ ఉండదు, రిజర్వ్ బ్యాంక్ 2012లోనే బ్యాంకులకి ఆ రూల్ పెట్టింది. కానీ మేం మొదటిసారి వెళ్ళినప్పుడు బ్రాంచ్‌లో 2 శాతం ఛార్జ్ పడుతుంది అన్నారు, మా వారు ఆ సర్క్యులర్ ప్రింట్ తీసుకెళ్లి చూపిస్తే అప్పుడు సరే అన్నారు. అది అయ్యాక ఇంకోటి, ఎక్స్‌ట్రా డబ్బు కడితే వాళ్లంతట వాళ్లే ఈఎంఐ తగ్గించేశారు. మాకు కావాల్సింది అది కాదు కదా, ఈఎంఐ అంతే ఉండి నెలలు తగ్గాలి. లెటర్ రాసిచ్చి మార్పించుకున్నాం. అప్పటి నుంచి ప్రతి పార్ట్ పేమెంట్ తర్వాత మిగిలిన నెలలు ఎన్నో చూసుకుని వంటింట్లో క్యాలెండర్ వెనక రాసేదాన్ని. మీరు కూడా డబ్బు కట్టి ఊరుకోకండి, నెలలు తగ్గాయో లేదో చూసుకోండి.

ఎంత తేడా వస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తా. 2018 దీపావళికి మా వారికి బోనస్, పాత అరియర్స్ కలిపి లక్ష వచ్చాయి. అప్పటికి బాకీ 27 లక్షల 40 వేలు, వడ్డీ 8.7, ఇంకా 172 ఈఎంఐలు ఉన్నాయి. ఆ లక్ష కట్టగానే 160కి వచ్చింది. అంటే లక్ష కడితే పన్నెండు ఈఎంఐలు, మూడు లక్షల 35 వేలు ఎగిరిపోయాయి. అదే లక్ష చివరి ఏడాదిలో కడితే మూడు నాలుగు ఈఎంఐలకి మించి పోవు. అందుకే కొత్తగా లోన్ తీసుకున్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, మొదటి ఐదారేళ్లలో ఎంత కట్టగలిగితే అంత కట్టండి, తర్వాత జీతం పెరిగాక కడదాంలే అనుకుంటే అప్పటికి వడ్డీ చాలావరకు వాళ్లు తీసేసుకుని ఉంటారు.

ఇప్పుడు పొదుపు సంగతి. మొదటి ఆరు నెలలు నేను చేసినవి చాలా వరకు దండగ. గ్యాస్ సిలిండర్ ఎన్ని రోజులు వచ్చిందో రాయడం, పిల్లలు ఫ్యాన్ ఆపలేదని అరవడం, అత్తయ్య గారు కాఫీలో పాలు ఎక్కువ పోస్తున్నారని మనసులో లెక్క వేసుకోవడం... నెల చివర చూస్తే వీటన్నింటికీ కలిపి ఏడెనిమిది వందలు మిగిలేవి, ఇంట్లో మాత్రం అందరి మొహాలూ ముడుచుకునేవి. ఒకరోజు అత్తయ్య గారు "అమ్మాయ్, అప్పు తీర్చాల్సిందే గానీ గ్లాసుడు పాల దగ్గర తీర్చకు" అన్నారు. ఆవిడ మాట నిజం, ఆ రోజుతో అవన్నీ మానేశాను.

లోన్ తీర్చింది నాలుగు పెద్ద నిర్ణయాలు. మొదటిది ఇంటీరియర్. గృహప్రవేశం అయ్యాక ఇంటీరియర్ వాళ్లు నాలుగున్నర లక్షలు ఎస్టిమేట్ ఇచ్చారు, పర్సనల్ లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తామన్నారు. మేం వడ్రంగిని పెట్టుకుని 70 వేలల్లో ప్లైవుడ్ అరలు చేయించుకున్నాం, తలుపులు మూడేళ్ల తర్వాత పెట్టించాం, అప్పటిదాకా పాత చీరలతో కర్టెన్లు. చుట్టాలు వచ్చి చూసి ఒక మాట అనేవాళ్లు, మొదట్లో గుచ్చుకునేది, తర్వాత అలవాటైపోయింది.

రెండోది కారు. 2018లో అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ అంతా కార్లే, మా స్లాట్‌లో స్కూటీ. కారు కొంటే నెలకి 12 వేలు ఈఎంఐ, పెట్రోల్, ఇన్సూరెన్స్ వేరే. అంతకు కొంచెం ముందే 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది కదా, మా వారు స్కూటీ మీద జేఎన్‌టీయూ స్టేషన్‌కి వెళ్లి, అమీర్‌పేటలో మారి బేగంపేట దిగేవారు. ట్రాఫిక్‌లో గంటన్నర పోయేది తగ్గింది. నాకైతే 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ వచ్చాక బస్ పాస్ డబ్బులు కూడా మిగిలాయి, అవీ లోన్‌కే. ఊరు వెళ్లాలంటే రైలు. అత్తయ్య గారిని హాస్పిటల్‌కి తీసుకెళ్లాలంటే ఆటో, అర్ధరాత్రి అయితే క్యాబ్. కారు లేక ఇబ్బంది పడ్డ రోజులు తొమ్మిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మూడోది స్కూలు. కొంతమందికి ఇది నచ్చకపోవచ్చు. మా కాలనీ పిల్లలంతా వెళ్లే పెద్ద స్కూల్లో అప్పట్లో ఏడాదికి 90 వేలు, నేను పనిచేసే స్కూల్లో స్టాఫ్ కన్సెషన్‌తో ఒక్కొక్కరికి 22 వేలు. ఇద్దరికీ లెక్కేస్తే ఏడాదికి లక్షా ముప్పై ఆరు వేలు తేడా. నేను టీచర్ని కాబట్టి సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పగలను అనే ధైర్యంతో చేశాం. ఇంట్లో చెప్పేవాళ్లు లేనివాళ్లు ఈ పని చేయమని నేను చెప్పను.

నాలుగోది ఫంక్షన్లు. పాపకి ఓణీల ఫంక్షన్ ఇంట్లోనే నలభై మందితో చేశాం. పులిహోర, బూరెలు, గుత్తి వంకాయ, మా అమ్మ వాళ్లు ఊరి నుంచి వచ్చి వండారు. ఫంక్షన్ హాల్, ఫొటోషూట్ పెట్టుకుంటే రెండు లక్షలకి తక్కువయ్యేది కాదు.

రోజువారీవి కూడా కొన్ని చెప్తా కానీ ఇవి పక్కవాద్యాలు మాత్రమే. ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతు బజార్‌కి వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు, సంక్రాంతికి పుట్టింటి నుంచి రెండు బస్తాల బియ్యం, ఏడాదికి సరిపడా ఆవకాయ, ఇడ్లీ పిండి గ్రైండర్‌లో మనమే రుబ్బుకోవడం. ఫోన్లో ఫుడ్ డెలివరీ యాప్‌లు తీసేశాం, నెలకొకసారి మాత్రం బయట బిర్యానీ తినేవాళ్లం, అది ఎప్పుడూ ఆపలేదు, పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూసేవాళ్లు. బంగారం ఈ తొమ్మిదేళ్లలో కొత్తది కొనలేదు. ఇప్పుడున్న రేట్లు చూస్తే అది తప్పేమో అనిపిస్తుంది, అది కూడా దాచకుండా చెప్తున్నా.

తప్పులు అంటే అసలైన తప్పు ఒకటుంది. చేతిలో డబ్బు ఉంచుకోకుండా ప్రతి రూపాయీ లోన్‌కి కట్టేశాం. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, స్కూళ్లు మూతపడ్డాయి, నాకు మొదట సగం జీతం తర్వాత అదీ లేదు, మా వారికి జీతం కోత, అదే టైమ్‌లో అత్తయ్య గారికి తుంటి ఆపరేషన్. రెండు లక్షల పైన కావాలి. బ్యాంకులో కట్టేసిన ఎక్స్‌ట్రా లక్షలున్నాయి కానీ అందులో ఒక్క రూపాయి వెనక్కి రాదు. నా గాజులు, హారం తాకట్టు పెట్టి లోన్ కన్నా ఎక్కువ వడ్డీకి తెచ్చాం. ఆ రాత్రి ఏడ్చాను, గాజుల కోసం కాదు, ఇంత జాగ్రత్తగా బతికీ ఈ పరిస్థితి ఏంటి అని. కొంతమంది అప్పుడు మారటోరియం తీసుకున్నారు, ఆర్నెల్ల ఈఎంఐ ఆపొచ్చు గానీ వడ్డీ ఆగదు, అసలులో కలుస్తుంది, అది తెలిసి మేం తీసుకోలేదు. 2021 మొదట్లో చీటీ పాడిన డబ్బు వచ్చాక నగలు విడిపించి మిగిలింది మళ్లీ లోన్‌కి వేశాం. ఆ తర్వాత మాత్రం ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో పెట్టే దాకా ఎక్స్‌ట్రా కట్టడం తగ్గించాం. ఇప్పుడు లోన్ తీసుకునేవాళ్లయితే ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ రకం లోన్ గురించి అడగండి, మిగిలిన డబ్బు ఆ అకౌంట్‌లో వేస్తే దాని మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. మాకు అప్పుడు తెలిసి ఉంటే గాజులు తాకట్టు దాకా వెళ్లేవి కావు.

వడ్డీ రేటు మీద కూడా కన్నేసి ఉంచాలి. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్త హోమ్ లోన్లు రెపో (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకి లింక్ చేయాలి, కానీ మా లాంటి పాతవాళ్లు బ్యాంక్ తన ఖర్చుని బట్టి వేసుకునే పాత రేటు ఎంసీఎల్‌ఆర్‌లోనే ఉండిపోయాం, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మేం 2020 మార్చిలో కొంచెం ఫీజు కట్టి మారాం, మేలో రెపో 4 శాతానికి దిగింది, మా వడ్డీ 7 చిల్లరకి వచ్చింది. వడ్డీ తగ్గినా ఈఎంఐ తగ్గించుకోలేదు, అదే మాకు బాగా కలిసొచ్చింది.

రేటు పెరిగినప్పుడు ఏమవుతుందో మా మరిది దగ్గర చూశాం. తను 2021లో 6.9 శాతానికి 30 లక్షలు తీసుకున్నాడు, ఈఎంఐ 23,079. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కి వెళ్లింది. అతని వడ్డీ 9.4 అయింది, 29 లక్షల మీద నెల వడ్డీయే 22,700 దాటింది, అంటే ఈఎంఐ కడితే అసలులో తగ్గేది మూడు నాలుగు వందలు. బ్యాంక్ ఈఎంఐ మార్చలేదు, నెలలు పెంచుకుంటూ పోయింది, తనకి ఏడాది దాకా తెలీలేదు. మాకు అప్పటికి బాకీ 13 లక్షలకి దిగింది కాబట్టి మూడు నెలలు పెరిగింది అంతే. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ రూల్ పెట్టింది, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, నెలలు పెంచాలా అనేది మనల్ని అడగాలని. మరిది ఈఎంఐ 4 వేలు పెంచుకున్నాడు.

లోన్ ముందే తీర్చేస్తే ట్యాక్స్ బెనిఫిట్ పోతుంది కదా అని ఆఫీసులో అందరూ అనేవాళ్లంట. పాత పద్ధతిలో మనం ఉంటున్న ఇంటికి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు, 20 శాతం స్లాబ్ అయితే సెస్‌తో కలిపి 41,600 మిగులుతుంది. ఆ 41,600 కోసం 2 లక్షలు వడ్డీ కట్టాలి. కొత్త పద్ధతిలో అయితే ఆ మినహాయింపే లేదు. నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్‌లో పెడితే ఇంతకన్నా ఎక్కువ వచ్చేది అనేవాళ్లతో నేను వాదించను, వచ్చి ఉండొచ్చు. మా ఇద్దరివీ ప్రైవేట్ ఉద్యోగాలు, ఒకరి ఉద్యోగం పోతే ఇల్లు పోతుందేమో అనే భయం 2020లో కళ్లారా చూశాం, మాకు ఆ భయం తీరడమే కావాలి.

మొత్తం లెక్క చూస్తే ఈఎంఐలు కాక ఎక్స్‌ట్రా కట్టింది 14 లక్షల పైచిలుకు, వడ్డీకి పోయింది పదమూడున్నర లక్షలు.

ఇలా లోన్ తీర్చిన పద్ధతికి మార్కులు వేయమంటే నేను 5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే, 2019లో పాప ఆరో తరగతి, స్కూల్ వాళ్లు మైసూర్, ఊటీ టూర్ తీసుకెళ్లారు, 9 వేలు. టీచర్ కూతురు కదా వద్దులే అన్నాం. అది ఏడవలేదు, గొడవ చేయలేదు, ఆ తర్వాత రెండేళ్లు ఏదీ అడగలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 9 వేలు కడితే లోన్ మహా అయితే ఒక నెల ఆలస్యం అయ్యేది.

చివరగా క్లోజ్ చేసేవాళ్ల కోసం. డబ్బు కట్టేయగానే అయిపోదు. బాకీ ఏమీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, లోన్ తీసుకున్నప్పుడు బ్యాంక్‌కి ఇచ్చిన కాగితాల లిస్ట్ దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటూ వెనక్కి తీసుకోండి. మాకు మొదటి కవర్‌లో ఒక లింక్ డాక్యుమెంట్ (పాత ఓనర్ల నాటి దస్తావేజు) లేదు, లిస్ట్ ఉంది కాబట్టి అక్కడికక్కడే పట్టుకున్నాం, పదిరోజుల తర్వాత ఇచ్చారు. 2023 డిసెంబర్ నుంచి రూల్ ఏంటంటే లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, వాళ్ల వల్ల లేట్ అయితే రోజుకి 5 వేలు మనకి కట్టాలి. డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్, అంటే ఇంటి కాగితాలు బ్యాంక్‌లో తాకట్టు పెట్టినట్టు రాసుకున్న పత్రం, రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ కూడా చేయించుకోవాలి, లేకపోతే ఈసీలో (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే కాగితం) బ్యాంక్ పేరు అలాగే ఉండిపోతుంది. మేం రిలీజ్ అయిన వారానికి ఈసీ తీసి చూసుకున్నాం, క్లియర్‌గా ఉంది. సిబిల్‌లో (మన అప్పుల రికార్డు) లోన్ క్లోజ్డ్ అని రావడానికి ఇంకో నెల పట్టింది.

ఈ దసరా సెలవలకి మైసూర్ టికెట్లు బుక్ చేశాం, ఐదుగురం. పాప ఇప్పుడు ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్‌లో చేరింది. అక్కడ ఏం చూడాలో లిస్ట్ అదే రాస్తోంది.