మూడు పెళ్లిళ్లు చూసిన షేడ్ కార్డు

మ్యాచింగ్ సెంటర్ కౌంటర్ మీద పడి ఉండే లైనింగ్ బట్టల షేడ్ కార్డుకు కూడా సమీక్ష రాస్తారా అని మా ఇంట్లో నవ్వారు. నేను రాస్తున్నాను. వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఒక దుకాణాయన 2017లో కొత్త కార్డు రాగానే పాతది ఊరికే నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి మా రెండు వైపులా మూడు పెళ్లిళ్లకు రంగులు దీన్ని ముందు పెట్టుకునే కుదుర్చుకున్నాం. ఒకసారి దీన్ని నమ్ముకునే చెడగొట్టుకున్నాం కూడా. చూడటానికి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అట్ట మీద వరసగా బొటనవేలి గోరంత కాటన్ ముక్కలు, ఒక్కోదాని కింద ఒక నంబరు. నా ప్రేమా, కోపమూ రెండూ ఆ నంబరు మీదే.

ముందు ప్రేమ సంగతి. 2018లో మా చెల్లెలి పెళ్లికి ఎరుపు దగ్గర పేచీ వచ్చింది. అమ్మ పుట్టిల్లు నర్సంపేట వైపు, చుట్టూ మిరప చేలు. ఆమె దృష్టిలో పెళ్లి ఎరుపు అంటే చపాటా మిరప ఎరుపే. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు అందరి నోటా పడింది గానీ, కారం తక్కువగా, రంగు చిక్కగా ఉండే ఆ లావు కాయ ఆమె కళ్లలో చిన్నప్పటి నుంచీ ఉంది. మేనత్తేమో "మెరూన్ అనుకున్నాం కదా వదినా" అంటుంది. అమ్మ "అవును, మెరూనే కదా నేనూ చెప్పేది" అంటుంది. వారం రోజులు ఇద్దరూ ఒకే మాట పట్టుకుని పోట్లాడుకున్నారు. చివరికి కార్డు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. అమ్మ వేలు 18 మీద ఆగింది. మేనత్త వేలు 23 మీద, అంటే బీట్‌రూట్ తరిగిన చేతి రంగు మీద. ఇద్దరూ ఒకరి వేలు వైపు ఒకరు చూసుకుని, ఇన్నాళ్లూ అనుకున్నది ఇదా అన్నట్టు నవ్వేశారు. 18 పెళ్లికూతురికి, 23 మేనత్తల జాకెట్లకు. సాయంత్రం టీ చల్లారక ముందే తేలిపోయింది.

మనకు రంగుల పేర్లకు కొదవ లేదు. ఉల్లిపొర, మెంతి, గంధం, నెమలికంఠం, కనకాంబరం, రాణి రంగు, అసలు ఎవరికీ సరిగ్గా తెలియని రామా గ్రీన్. బతుకమ్మ పేర్చేటప్పుడు ఈ చిక్కు రాదు, తంగేడు ఎవరికైనా తంగేడే. బట్ట దగ్గరికి వచ్చేసరికి ఒక్కో పేరుకు ఇంటికో అర్థం. పేరును పక్కకు నెట్టి నంబరు చెప్పించడం ఈ అట్టముక్క చేసిన గొప్ప పని. ఆ పెళ్లి తర్వాత కనీసం పదిమందికి దీని గురించి చెప్పి ఉంటాను, కొంచెం ఎక్కువగానే.

ఇక 2022 మే నెల. మా ఆడపడుచు పెళ్లి, అబ్బాయిది కరీంనగర్. ముహూర్తానికి అమ్మాయికి ఎర్రంచు తెల్ల మధుపర్కం కాబట్టి అక్కడ ఎంపిక ఏమీ లేదు. మిగతాదానికి, అంటే మండపం తెరకు, దగ్గరి బంధువుల కండువాలకు, జాకెట్లకు పాలపిట్ట నీలం, గంధం రంగు అనుకున్నాం. దసరా నాడు కంటపడితే మంచిదని వెతికే పిట్ట, రాష్ట్ర పక్షి కూడానూ, రెండు వైపులా పెద్దవాళ్లు కాదనలేదు. కార్డులో అది 47.

మొదటి అపశకునం ఫోన్లో వచ్చింది. 47ను ఫోటో తీసి కరీంనగర్ పంపితే, అబ్బాయి పెదనాన్నగారు "ఆకుపచ్చ బాగానే ఉందమ్మా" అన్నారు. నీలం అని నేను, పచ్చ అని ఆయన. చివరికి ఆయన మనవరాలు చూస్తే తేలింది, ఆయన ఫోన్లో కళ్లకు హాయి అని పెట్టుకున్న పసుపు వెలుగు ఎప్పుడూ వేసే ఉంటుందట. నవ్వుకుని వదిలేశాం. అక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది.

మండపం అలంకరించే ఆయన ఒక రాత్రి తొమ్మిదింటికి శాటిన్ ముక్క పట్టుకుని హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. హాల్లో తెల్ల ట్యూబ్‌లైట్ కింద ఆ ముక్కను 47 పక్కన పెడితే అతికినట్టు సరిపోయింది. నేను చూశాను, అత్తమ్మ చూసింది, పక్కింటావిడ కూడా వచ్చి చూసింది. అడ్వాన్సు ఇచ్చేశాం.

పెళ్లి రోజు ఉదయం హంటర్ రోడ్డు వైపు ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టేసరికి మండపం వెనక తెర రెండు రంగుల్లో ఉంది. పక్క తలుపుల్లోంచి పగటి వెలుతురు పడిన చోట నీలం. పైనుంచి పసుపు ఫోకస్ లైట్లు పడిన చోట నేరేడు పండు. తెర మాత్రం ఒకటే. దాని ముందు కాటన్ కండువాలతో మా వాళ్లు నిలబడితే, ఆ కండువాలు రెండు వెలుతురుల్లోనూ పాలపిట్టలాగే ఉన్నాయి. అంటే పొందిక కోసం అంత తంటాలు పడి, చివరికి తెర ఒక్కటీ వేరే పెళ్లి నుంచి తెచ్చినట్టుంది. మా ఆడపడుచు పట్టుచీర సంగతి ఇంకొకటి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు నేసిన డబుల్ షేడ్ కావడంతో, ఆమె కూర్చుంటే ఒక నీలం, లేచి నిలబడితే ఒక పచ్చ. గోరంత కాటన్ ముక్క ఆ సంగతి ఎలా చెబుతుంది?

అలంకరణ ఆయన్ను తిట్టబోయాను. ఆయన జేబులోంచి అదే శాటిన్ ముక్క తీసి, నన్ను వరండాలోకి తీసుకువెళ్లి, నా జాకెట్టు చేతికి ఆనించి చూపించాడు. ఎండలో కాస్త తేడా ఉంది. లోపల ఫోకస్ లైటు కింద బోలెడు తేడా. మా ఇంటి ట్యూబ్‌లైట్ కింద అసలు తేడా లేదు.

ఎందుకిలా అవుతుందో తర్వాత చదువుకున్నాను. కాటన్‌కు పట్టే రంగులు వేరు, మా శాటిన్ తెరలాంటి పాలిస్టర్‌కు పట్టే రంగులు వేరు. ఏ అద్దకమైనా వెలుతురులో కొంత మింగి మిగతాది మన కంటికి వదులుతుంది. రెండు వేర్వేరు అద్దకాలు ఒక వెలుతురులో కవలల్లా కనబడి, ఇంకో వెలుతురులో చుట్టరికమే లేనట్టు విడిపోవచ్చు. బట్టల పరిశ్రమలో దీన్ని మెటామెరిజం అంటారు. మా ఇంటి తెల్ల లైటు డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంది, అది వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు. పెళ్లి హాళ్లలో పెట్టే పసుపు వెలుగు లైట్లు మామూలుగా 3000 దగ్గర ఉంటాయి. ఆ పసుపు వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, ఆ పాలిస్టర్ నీలంలో దాగి ఉన్న ఎరుపును అదే బయటికి లాగింది. పాత దుకాణాల వాళ్లు జాకెట్టు గుడ్డ కోసే ముందు "గడప దగ్గరికి వచ్చి చూడండమ్మా" అనేది ఇందుకే. జాకెట్టు గుడ్డకు గడప దాకా నడిచిన నేను, వేలు పోసి వేయించే తెరను రాత్రి తొమ్మిదింటికి ట్యూబ్‌లైట్ కింద ఒప్పుకున్నాను. కార్డును తప్పు పట్టాలా, నన్నా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆల్బమ్‌లో తెరను నీలంగా దిద్దితే పెళ్లికొడుకు ముఖం నీలమవుతోందని ఫోటోగ్రాఫర్ చేతులెత్తేశాడు. ఆ ఆల్బమ్ ఎవరైనా అడిగితే నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

నంబరు గొప్పతనం గురించి పైన రాసిన దాంట్లో కూడా కొంచెం తగ్గించుకోవాలి. 2025లో మా అక్క కొడుకు పెళ్లికి అదే దుకాణానికి వెళ్లి 47 అడిగితే, పెద్దాయన కొడుకు గచ్చకాయ రంగు గుడ్డ తీసి పరిచాడు. కొత్త కార్డులో 47 అదేనట. పాత కార్డు నాకెందుకు ఊరికే వచ్చిందో ఎనిమిదేళ్లకు అర్థమైంది. మరి అంతకు ముందు రెండు పెళ్లిళ్లకూ పని ఎలా నడిచిందంటే, పెద్దాయన మేం చెప్పే నంబరు పట్టించుకోకుండా ముక్క చూసి బట్ట తీసేవాడు. మేం నంబరు మహిమ అనుకున్నది ఆయన కన్ను.

అయితే అదే పెళ్లిలో ఒక మంచి కూడా జరిగింది. ఎర్ర కార్పెట్ వద్దని కొత్తవాడలో నడవకు జంపఖానా నేయించాం. వరంగల్ జంపఖానాలకు 2018 నుంచే భౌగోళిక గుర్తింపు ఉంది గానీ, పెళ్లికి పరిచేవాళ్లను నేనైతే పెద్దగా చూడలేదు. నేత పనివారు కార్డు తీసుకుని, నంబరు వైపు చూడనే లేదు. రంగు వేసిన నూలు పోగు ఒకటి తెంపి 18 మీద అడ్డంగా పెట్టి, వాకిట్లోకి నడిచి, రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశారు. నూలు మీద నూలు కాబట్టి కావచ్చు, హాలులో పరిచాక ఏ లైటు కిందా మాట తప్పలేదు.

మన్నిక గురించి ఒక్కటే. పసుపు దంచే రోజు 3వ నంబరు ఏనుగు దంతం ముక్క మీద పసుపు పడింది. సబ్బు రుద్దితే ఎర్రబడింది, "సున్నం పడ్డట్టు పారాణి అయింది చూడు" అని పెద్దమ్మ ఒకటే నవ్వు. కడిగితే మళ్లీ పసుపు. డాబా మీద ఎండలో పెడితే మూడు నాలుగు రోజుల్లో మరక పోయింది. దాంతోపాటే పక్కన ఉన్న 4, 5 కూడా సగం వెలిసిపోయాయి.

ఇలాంటిది ఒకటి సంపాదించుకోవాలా అంటే, నాకు నలుగురు వదినలు, ముగ్గురు మేనత్తలు, అందరికీ రంగుల మీద గట్టి అభిప్రాయాలు. మాటల దగ్గర పేచీ తీర్చడానికి నాకిది కావాలి. అంతా అలంకరణ వాళ్లకే అప్పజెప్పేవారికి దీనితో పనిలేదు. చేనేతా, నూలూ ఎక్కువ వాడే ఇంట్లో ఎక్కువ పనికొస్తుంది, శాటిన్ తెరల దగ్గర నమ్మించి ముంచుతుంది. నేనైతే ఇప్పుడు తెర గుడ్డ ముక్క, చీర కొంగు, కార్డు మూడూ పట్టుకుని ముందే ఒకరోజు ముహూర్తం వేళకే హాలుకు వెళ్లి, అక్కడి లైట్లు వేయించి చూస్తాను. హాలు వాచ్‌మన్‌కు చాయ్ డబ్బులు అదనం.

ప్రస్తుతం కార్డు కరీంనగర్‌లో మా ఆడపడుచు దగ్గర ఉంది, వాళ్ల మరదలి పెళ్లి మాఘంలో. 47 పక్కన పెన్సిల్‌తో "ఎండలో చూడండి" అని రాసి పంపాను. మొన్న ఫోను చేసింది, "వదినా, ఏ పూట ఎండలో?" అని.