షాద్‌నగర్ అవతల ఉద్యోగం, అత్తాపూర్‌లో ఇల్లు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఫోన్లకీ మిక్సీలకీ పేజీల కొద్దీ సమీక్షలు రాస్తాం. జీతంలో పెద్ద ముక్క మింగేసే ఇంటి గురించి మాత్రం బ్రోకర్ "మెయిన్ రోడ్డు ఐదు నిమిషాలే సార్" అంటే చాలు, అడ్వాన్సు ఇచ్చేస్తాం. అందుకే ఇది రాస్తున్నా.

నేను పనిచేసే ప్లాంటు బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటాక, రాయికల్ టోల్‌గేటుకి అవతల. ఇల్లు అత్తాపూర్, ఉప్పర్‌పల్లి మధ్య, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ పిల్లర్లకి రెండు గల్లీలు లోపల. ఒక్కో వైపు యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. 2019 నుంచి ఇదే ఇల్లు, ఇదే కారు, ఇదే దారి. బెంగళూరు హైవే వైపు రోజూ కారులో వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే అత్తాపూర్ నుంచి శివరాంపల్లి దాకా ఉన్న ఈ పట్టీ నిక్షేపంగా తీసుకోవచ్చని నా మాట. అయితే ఏరియా ఒక్కటి చూస్తే సరిపోదు. గల్లీ చూడాలి, అంతకంటే ముందు పార్కింగ్ చూడాలి.

రోజూ ఇంత దూరం తిరిగేవాడికి కిలోమీటర్ల లెక్క కొన్నాళ్లకి పట్టకుండా పోతుంది. శంషాబాద్ దాటానా, పాలమాకుల, తిమ్మాపూర్, కొత్తూరు అన్నీ వాటంతటవే వెనక్కి పోతాయి. రోజుని పాడుచేసేవి ఇంటి గేటుకీ హైవేకీ మధ్య ఉన్న నాలుగైదు కిలోమీటర్లే. మా ప్లాంటుకి కొండాపూర్ నుంచి ఒకాయన వస్తాడు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితే శంషాబాద్ దాకా ఎనిమిది వరుసల రోడ్డు, 2023 నుంచి లోపలి వరుసల్లో 120 దాకా పోనిస్తున్నారు కూడా. పొద్దున ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం ఇద్దరం ఒకేసారి బయల్దేరితే, ఆయన నానక్‌రామ్‌గూడలో దిగి కొండాపూర్ చేరేలోపు నేను స్నానం కూడా కానిచ్చి టీ గ్లాసుతో బాల్కనీలో ఉంటా.

ఇంకో సంగతి, జనం పోయే దిక్కు. పొద్దున మా ఏరియా మొత్తం మెహదీపట్నం, టోలీచౌకి మీదుగా హైటెక్ సిటీ వైపు ఎగబడుతుంది. నేను వాళ్లకి వీపు చూపించి ఆరాంఘర్ చౌరస్తా వైపు పోతా. సాయంత్రమూ అంతే, రద్దీ ఎక్కువగా డివైడర్‌కి అవతలే. సోమవారం పొద్దున మాత్రం ఇది పనిచేయదు. బెంగళూరు, కర్నూలు నుంచి వచ్చే ట్రావెల్స్ బస్సులన్నీ ఆరాంఘర్‌లో జనాన్ని దింపుతుంటాయి. ఆటోలు, సామాన్లు, నిద్రమొహాలు, అన్నీ రోడ్డు మీదే. ఆ ఒక్కరోజు పావుగంట ముందు బయల్దేరతా.

ఎండ సంగతి ఏ బ్రోకరూ చెప్పడు. ఈ దారి దాదాపు దక్షిణానికి పోతుంది. పొద్దున వెళ్లేటప్పుడు సూర్యుడు ఎడమ పక్క, సాయంత్రం ఉత్తరానికి తిరిగొచ్చేటప్పుడూ ఎడమ పక్కే. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఎండంతా పక్క సీటు మీద పడుతుంది, నా కళ్లల్లో కాదు. అదే ఉప్పల్‌లో ఉండి భువనగిరి వైపు ఉద్యోగానికి వెళ్లేవాళ్లని చూడండి. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి, రెండు పూటలా ఎండ మొహం మీదే. ఏప్రిల్‌లో ఒక వారం అలా నడిపితే తెలుస్తుంది. ఇల్లు వెతికేటప్పుడు దిక్కులు చూస్తాం గానీ, అది వాస్తు కోసం.

ఇక పార్కింగ్. మా బిల్డింగులో కింద స్తంభాల మధ్యే కార్లు పెట్టాలి. స్థలం చాలక ఒకదాని వెనక ఒకటి. ఇల్లు చూపించినప్పుడు ఓనర్ గోడ మీద ఫ్లాట్ నంబరు చూపించి "ఇదిగో మీది" అన్నాడు. మధ్యాహ్నం పూట చూశాం కాబట్టి ముందర ఖాళీగానే ఉంది. దిగాక తెలిసింది, నాది లోపలి చోటు, నా ముందర పెట్టేది మూడో అంతస్తు కుర్రాడని. వాడిది అమెరికా టైమింగ్స్ ఉద్యోగం, తెల్లవారుజామున నాలుగింటికి పడుకుంటాడు. నేను ఆరుంపావుకి బయల్దేరాలి. రోజూ ఫోను, "తమ్మీ, బండి జర తీయవా". పాపం, కళ్లు నులుముకుంటూ లుంగీ మీదే దిగివచ్చేవాడు. ఒక్కమాట అనేవాడు కాదు, అది ఇంకా ఇబ్బంది. చివరికి వాళ్లమ్మగారే ఉపాయం చెప్పారు: మీరిద్దరూ చోట్లు మార్చుకోండి, వాడు మధ్యాహ్నం దాకా కారు తీయడు కదా అని. ఇప్పుడు నాది ముందర, వాడిది వెనక. రాత్రి వాడికి అవసరం పడితే ఉంటుందని నా రెండో తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచా. దూరం వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: ఇల్లు చూడటానికి రాత్రి పది తర్వాత ఒకసారి వెళ్లండి. అన్ని కార్లూ వచ్చేశాక మీ కారు ఎక్కడ ఉంటుందో, పొద్దున దాన్ని ఎవరు వదలాలో అప్పుడే తెలుస్తుంది. కార్లు కింది సెల్లార్‌లో ఉంటే, వానాకాలంలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడ మీద మరక చూడండి. ఓనర్‌ని అడగక్కర్లేదు.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే సంగతి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, 2009లో తెరిచారు. మా దగ్గర అడ్రసు చెప్పాలంటే పిల్లర్ నంబరే. దూరం నుంచి వచ్చే చుట్టాలకి ఇంటి పేరు చెబితే అర్థం కాదు, పిల్లర్ నంబరు చెబితే నేరుగా గల్లీ ముందర దిగుతారు. దాని పక్కనే ఇల్లంటే రోజూ దాని మీదే వెళ్తాననుకుంటారు అందరూ. పొద్దున ఆరున్నరకి కింద రోడ్డు ఖాళీ, ఎక్కాల్సిన పనే లేదు. సాయంత్రం ఆరాంఘర్‌లో ఎక్కితే మాత్రం శివరాంపల్లి, ఉప్పర్‌పల్లి రద్దీ అంతా కిందే ఉండిపోతుంది. మధ్యలో ర్యాంపులున్నాయి గానీ, మీ ఇంటి దగ్గరున్నది ఎక్కేదా దిగేదా, ఏ వైపు పోయే బండ్లకో ముందే చూసుకోండి. దిగే చోటు దాటిపోయిందా, సరోజినీదేవి కంటి ఆసుపత్రి దాకా పోయి వెనక్కి రావాల్సిందే. డిసెంబర్ 31 రాత్రి పోలీసులు దీన్ని మూసేసి, విమానం టికెట్టు చూపించినవాళ్లని మాత్రమే పైకి వదులుతారు. సెకండ్ షిఫ్ట్ వాళ్లు గుర్తుపెట్టుకోండి.

సెకండ్ షిఫ్ట్ అంటే గుర్తొచ్చింది, ఈ రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు. ఇక్కడి దావత్‌లు రాత్రి పదింటికి ఊపందుకుంటాయి. ఏడింటికి ఇల్లు చేరేవాళ్లకి ఆ ఊసే ఉండదు. పదకొండింటికి చేరేవాళ్లకి బరాత్ వెనకాల ఫస్ట్ గేరులో బ్యాండు వింటూ రావడమే. బక్రీదు ముందు వారం పిల్లర్ల కింద గొర్రెల బేరాలు కూడా ఉంటాయి, యూటర్న్ దగ్గర మెల్లగా పోవాలి.

వాన. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి హైవే కోసుకుపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. తర్వాత చాలా రోజులు అటు పోవడానికి లేదు. మాకు దారి చూపింది ఓఆర్ఆరే. బండ్లగూడ మీదుగా పోలీసు అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ చేరి, అక్కడ ఎక్కి శంషాబాద్‌లో దిగి మళ్లీ హైవే పట్టడం. చుట్టూ తిరుగుడే, టోలు అదనం, అయినా ప్లాంటుకి చేరాం. ఆ వారమే నాకు మా ఏరియా విలువ తెలిసింది. హైవేకి చేరే ఒకే దారిని నమ్ముకుని ఉన్న ఇల్లు ఎంత దగ్గరైనా వద్దు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం రాజేంద్రనగర్ ఎగ్జిట్ దగ్గరి సర్వీసు రోడ్డు మూసేస్తారు, అటువైపు వెళ్లి ఇరుక్కోవద్దు.

టోలు లెక్క క్లుప్తంగా. రాయికల్ ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకి లోకల్ నెలపాసు ఉంటుంది, అత్తాపూర్ వాళ్లకి అది రాదు. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది: అప్పట్లో 3,000 రూపాయలకి 200 ట్రిప్పులు. వార్షికం అన్నారని సంబరపడకండి. రానూ పోనూ కలిపి వంద పనిదినాలకే, అంటే నాలుగు నెలలకి అటూ ఇటూగా అయిపోతుంది, మళ్లీ కొనాలి. అయినా ఆ ధరకి గేటు దాటిన ప్రతిసారీ పడింది 15 రూపాయలే కాబట్టి లాభమే. ఇది జాతీయ రహదారులకే, ఓఆర్ఆర్ మీద చెల్లదు.

మిగతా కుటుంబం లెక్క వేరు. మా ఆవిడ కాలేజీ మెహదీపట్నం దగ్గర. 300 నంబరు బస్సు ఇంటి దగ్గరే దొరుకుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని టికెట్టు లేదు, సీటూ లేదు. మా బాబుకి మెట్రో దగ్గర లేదని ఎప్పుడూ బాధే. చలికాలం రాత్రుళ్లు ఫ్యాక్టరీలున్న కాటేదాన్ వైపు నుంచి గాలి తిరిగితే కిటికీలు మూసుకోవాలి. మే నెలలో వారానికో ట్యాంకర్. శంషాబాద్‌లోనే ఉంటే నా ప్రయాణం ఇంకా తగ్గేది, నిజమే. అప్పుడు ఆవిడ రోజూ నాకు ఎదురు దిక్కుకి అంత దూరం పోవాల్సి వచ్చేది. షాద్‌నగర్‌లోనే గది తీసుకుని ఉండే కుర్రాళ్లు మా ప్లాంటులో చాలామందే ఉన్నారు, వాళ్లకి శనివారం సాయంత్రం హైదరాబాద్ రావడమే ప్రయాణం. ఒంటరిగా ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

మొన్న అద్దె అగ్రిమెంటు మళ్లీ రాయించాం. ఓనర్ అద్దె పెంచుతానన్నాడు, సరే అన్నాం. బదులుగా ముందరి పార్కింగ్ చోటు మా ఫ్లాట్‌దేనని కాగితం మీద రాయించుకున్నా. మూడో అంతస్తు కుర్రాడు సాక్షి సంతకం పెట్టాడు.