స్కిప్పరా, మెమోసెయిలా? పాత రెగట్టా క్రోనోగ్రాఫ్‌లలో ఏది మేలు

తెరచాప పడవల పందెంలో పడవలు గీత దగ్గర ఆగి సిగ్నల్ కోసం ఎదురుచూడవు. గాలీ అలలూ వాటిని నిలవనివ్వవు. అందుకే సిగ్నళ్లు కొన్ని నిమిషాల ముందునుంచే ఇస్తారు. ఆ నిమిషాలు కరుగుతున్నంతసేపూ పడవలు అటూ ఇటూ తిరుగుతూ, సరిగ్గా సున్నా అయ్యేసరికి పూర్తి వేగంతో గీత దాటాలని చూస్తాయి. తొందరపడి ముందే దాటిన పడవ వెనక్కి వచ్చి మళ్లీ దాటాలి. ఇలాంటి పందేన్నే రెగట్టా అంటారు. రెగట్టా గడియారం పుట్టిందే ఆ కొద్ది నిమిషాల కోసం.

పాతవి సేకరించాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే పేరు హోయర్ స్కిప్పర్. 1967లో అమెరికాస్ కప్ అనే పడవల పందెంలో ఇంట్రెపిడ్ అనే పడవ ఆస్ట్రేలియా పడవ డేమ్ ప్యాటీని 4-0తో ఓడించింది. ఆ గెలుపు వెంటే, 1968లో, హోయర్ గడియారాల సంస్థ తన కరేరా మోడల్ కేస్‌లో (బయటి డబ్బాలో) స్కిప్పర్‌ను తెచ్చింది. రిఫరెన్స్ (మోడల్ సంఖ్య) 7754, కేస్ 36 మిల్లీమీటర్లు. నీలం డయల్ మీద కుడివైపు పెద్ద పదిహేను నిమిషాల వలయం, అందులో అయిదేసి నిమిషాలకు ఒక్కో రంగు: నెమలి నీలం, ఆకుపచ్చ, నారింజ. ఒక్కసారి చూస్తే మరిచిపోలేని డయల్ అది. అరవైల నాటి క్రీడా గడియారాల్లో ఇంత అందమైనవి నాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా కనిపించవు.

అయినా కొనేముందు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఇందులో అరుదైన భాగం ఏది? స్కిప్పర్ విషయంలో జవాబు డయల్, దాని మీది ముళ్లు. కేస్ మామూలు కరేరాదే. లోపలి యంత్రం వాల్జూ 7730, అంటే యంత్రాలు చేసే వాల్జూ సంస్థ అలాంటిదే అయిన వీనస్‌ను కలుపుకున్నాక వీనస్ 188కి వచ్చిన కొత్త రూపం. ఆ కాలపు ఎన్నో క్రోనోగ్రాఫ్‌లలో, అంటే స్టాప్‌వాచ్ ఉన్న గడియారాల్లో, అదే కొట్టుకునేది. రిపేరుకు ఇది వరం, ఎందుకంటే చాలా భాగాలు దొరుకుతాయి. కొనేవాడికి మాత్రం ఇదే గండం. మామూలు కరేరా తీసుకుని, రంగులద్దిన డయల్ బిగించి అమ్మాలనుకునేవాడి పని సగం ముందే అయిపోయింది. పైగా ధరలో సింహభాగం ఆ డయల్‌దే. అది నకిలీదని తేలితే చేతిలో మిగిలేది విప్పి కలిపిన ఒక మామూలు గడియారం.

మెమోసెయిల్‌లో లెక్క తిరగబడుతుంది. డెబ్బైలలో వచ్చిన ఈ స్విస్ గడియారంలో ఉన్నది వాల్జూ 7737. వాల్జూ 7733 యంత్రాన్ని పందెం ఆరంభాల కోసమే మార్చి చేసినది. క్రోనోగ్రాఫ్ నడుస్తుంటే డయల్ కిటికీలో ఒక చక్రం తిరుగుతూ పది నుంచి సున్నాకు దిగుతుంది. ఎన్ని నిమిషాలు గడిచాయో చూసి మనసులో తీసివేతలు చేసే పని లేదు, ఎన్ని మిగిలాయో అదే చూపిస్తుంది. ఇక్కడ అరుదనం రంగులో లేదు, పళ్లచక్రాల్లో ఉంది. దాన్ని అచ్చువేసి మోసం చేయలేరు. లోటు కూడా అక్కడే: ఆ చక్రానికి సంబంధించిన ప్రత్యేక భాగం విరిగితే 7733 భాగాలు దానికి పనికిరావు. మరో పాత 7737 కోసం వెతకాల్సిందే.

అక్వాస్టార్ రెగాట్ అనే మరో గడియారం గురించి కూడా చెప్పాలి. డయల్‌లో అయిదు గుండ్రటి కిటికీలు, నిమిషానికి ఒకటి చొప్పున రంగు మారతాయి. తడిసిన కళ్లతో, ఊగే పడవలో చదవడానికి ఇంతకంటే తేలికైనది లేదు. అయితే ఇది ఆరంభపు లెక్కే చేస్తుంది, పూర్తి క్రోనోగ్రాఫ్ కాదు. తర్వాత లెమానియా 1345 యంత్రంతో ఇదే ఏర్పాటు హోయర్ పేరు మీద కూడా వచ్చింది. బెజాన్సోన్‌లో పుట్టిన ఫ్రెంచ్ సంస్థ యెమా చేసిన యాటింగ్రాఫ్, స్కిప్పర్ దారిలోనే రంగుల వలయంతో నడుస్తుంది. స్కిప్పర్ అందనివాళ్లకు అది మంచి ఎంపికే.

ఇప్పటి పందేల్లో మామూలుగా హెచ్చరిక అయిదు నిమిషాల ముందు, సన్నాహక సిగ్నల్ నాలుగు నిమిషాల ముందు, తర్వాత చివరి నిమిషానికి మరో సిగ్నల్ ఇస్తారు. ఆ లెక్కకు రెగాట్ అయిదు కిటికీలు అచ్చంగా సరిపోతాయి. అంతమాత్రాన పాత గడియారాన్ని నీళ్లలోకి తీసుకెళ్లమని నేను చెప్పను. అరిగిన సీళ్లలోంచి ఉప్పునీరు ఒక్కసారి చేరితే మళ్లీ దొరకని భాగాలే మొదట తుప్పుపడతాయి.

నా తీర్పు సూటిగా చెబుతాను. మొదటిది కొనేవాళ్లకు మెమోసెయిలే మేలు. స్కిప్పర్ ఒకదానికి పెట్టే డబ్బుతో ఇవి చాలానే వస్తాయి, యంత్రం తెరిచి చూస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది. స్కిప్పర్ 7754 కొనాలంటే చేతులు మారిన చరిత్ర కాగితాల మీద ఉండాలి, డయల్‌ను అసలువాటి పక్కన పెట్టి చూడగలిగినవారి మాట తోడుండాలి. ఆ రంగుల కోసమే మనసు లాగుతుంటే 2023లో ట్యాగ్ హోయర్ (హోయర్ సంస్థ ఇప్పటి పేరు) అవే మూడు రంగులతో కొత్త కరేరా స్కిప్పర్‌ను తెచ్చింది. దాన్ని భయం లేకుండా రోజూ పెట్టుకోవచ్చు.

ఏది కొన్నా వెనక మూత తెరిచిన ఫొటో అడగండి. చీకట్లో డయల్ చూడండి: ఆ కాలంలో చీకట్లో వెలగడానికి పూసిన ట్రిటియం సగం తరిగిపోవడానికి పన్నెండేళ్లు చాలు, కాబట్టి అరవైల నాటి ముళ్లు ఇప్పుడు ధగధగా వెలిగితే వాటికి కొత్త పూత వేశారన్నమాట. మెమోసెయిల్ అయితే బటన్ నొక్కి చక్రం పది నుంచి సున్నా దాకా దిగేవరకూ ఆగండి. మధ్యలో తడబడితే, లేదా రీసెట్ చేసినప్పుడు తిన్నగా మొదటికి రాకపోతే, సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి తీసేశాకే బేరం మాట్లాడండి.