పాత థింక్‌ప్యాడ్ టీ480: ఆరు నెలల వాడకం, కరెంటు లెక్కతో సహా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల బజారులో, ఒక సెకండ్ హ్యాండ్ దుకాణం నుంచి గత నవంబరులో లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 కొన్నాను. ఇది 2018 నాటి మోడల్. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి వచ్చిందనడానికి గుర్తుగా, మూత మీద అంటించిన నంబరు స్టిక్కర్‌ను గోటితో గీకిన మరక ఇప్పటికీ కనిపిస్తుంది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో 18,500 రూపాయలకు బేరం కుదిరింది.

పాతదాన్ని ఎంచుకోవడానికి ధర ఒక కారణమైతే, ఎన్నాళ్లుగానో నన్ను వేధిస్తున్న ఒక అనుమానం మరో కారణం. కొత్త ల్యాప్‌టాప్ తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి అదే పర్యావరణానికి మేలు అనే మాట దుకాణాలలో తరచుగా వినిపిస్తుంది. నిజమెంతో చూద్దామని సాకెట్‌కూ ఛార్జర్‌కూ మధ్య పెట్టే చిన్న మీటరు ఒకటి తెచ్చి కొలిచాను. బ్యాటరీ నిండి ఉన్నప్పుడు, రాసుకోవడం, నాలుగైదు ట్యాబులు తెరిచి చదువుకోవడం వంటి పనులకు ఇది దాదాపు 10 వాట్లు తీసుకుంటున్నది. రోజుకు ఆరు గంటల చొప్పున ఏడాదికి 22 యూనిట్లు అవుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున లెక్క వేస్తే ఏడాదికి 15 కిలోల పైచిలుకు. కొత్త యంత్రం ఇందులో సగం కరెంటుతోనే నడిచినా ఏటా మిగిలేది ఏడెనిమిది కిలోలే. అదే ల్యాప్‌టాప్‌ను తయారు చేయడానికి, చిప్పుల దగ్గర నుంచి తెర వరకు కలుపుకుంటే, వెలువడేది సాధారణంగా వందల కిలోలలో ఉంటుంది. దాన్ని 200 కిలోలే అనుకున్నా, ఆ ఆదాతో బాకీ తీరడానికి 25 ఏళ్లకు పైనే పడుతుంది. అన్నేళ్లు ఒకే ల్యాప్‌టాప్ వాడినవారిని నేనైతే చూడలేదు.

కాబట్టి పాత యంత్రాన్ని తూచవలసింది అది ఇంకెన్నేళ్లు నడుస్తుంది, పాడైతే విప్పి బాగు చేయగలమా అనే రాయితోనే. ఈ విషయంలో టీ480 రూపకల్పనను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అడుగు మూతకున్న స్క్రూలను వదులు చేస్తే అవి కింద పడి మంచం కిందికి దొర్లిపోకుండా మూతనే అంటిపెట్టుకుని ఉంటాయి. బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులలోకి వెళ్లి లోపలి బ్యాటరీని ఆపి, వెనుక బ్యాటరీని తీసి, పాత ఏటీఎం కార్డును అంచు వెంట పోనిస్తే మూత ఊడి వస్తుంది. ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి కాబట్టి ఇంట్లో పడి ఉన్న మరో 8 జీబీ ముక్కను పది నిమిషాలలో నేనే బిగించాను. ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్ముతున్న నేటి పలుచని ల్యాప్‌టాప్‌లలో ఈ పని కుదరదు. బ్యాటరీలు రెండు ఉండటం వల్ల వెనుకదాన్ని యంత్రం నడుస్తుండగానే తీసి మార్చవచ్చు.

దుకాణం గురించి మాత్రం అంత మెచ్చుకోలుగా రాయలేను. "బ్యాటరీ కొత్తదానిలాగే ఉంది సార్" అని అమ్మారు గానీ, ఇంటికి వచ్చి కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీసి చూస్తే 24 వాట్-అవర్ల లోపలి బ్యాటరీలో మిగిలినది 9 మాత్రమే. మర్నాడు ఆ రిపోర్టును ఫోన్‌లో చూపించాక, సగం డబ్బులు వాళ్లే భరించి కొత్తది వేశారు. తీసిన పాతదాన్ని ఏం చేస్తారని అడిగితే, కౌంటర్ కింద నోరు తెరుచుకుని ఉన్న ఒక బియ్యం సంచిని చూపించి, "స్క్రాప్ వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు సార్" అన్నారు. బ్యాటరీల సేకరణకు, పునర్వినియోగానికి మన దేశంలో 2022 నుంచి ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి. అదే ఏడాది ప్రపంచం మొత్తం మీద పోగైన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలలో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనవి నాలుగో వంతు కూడా కాదని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతున్నది. మిగిలిన మూడు వంతులలో ఇలాంటి సంచులెన్నో!

అదే అరలో దీని ముందు మోడల్ టీ470లు వరుసగా పేర్చి ఉన్నాయి, ధర కూడా బాగా తక్కువ. రెండింటి పనితనంలో రోజువారీ వాడకానికి పెద్ద తేడా కనిపించదు గానీ, విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అధికారికంగా ఎక్కుతుంది. ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న టీ480 ఆ గీతకు ఇటువైపు, టీ470 అటువైపు పడ్డాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, చెక్కు చెదరని యంత్రాలు కూడా ఒక్క పూటలో పాతసామాను లెక్కలోకి వెళ్లాయి. విండోస్‌కు బదులుగా నడిచే లినక్స్ అలవాటున్నవారు టీ470ను నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

యాదృచ్ఛికమే కావచ్చు గానీ, విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని నిర్మిస్తామని గూగుల్ ప్రకటించినదీ ఆ అక్టోబరు 14ననే. ఒక గిగావాట్ అంటే నా ల్యాప్‌టాప్ లాంటివి 10 కోట్లు ఒకేసారి నడిచినంత. అందుకే నా మీటరు చూపిన 10 వాట్లను పూర్తి లెక్కగా నేను చెప్పుకోలేను. నా ఫొటోలు ఉన్నది, వీడియో మీటింగులు నడిచేది, ఏఐకి వేసిన ప్రశ్నలకు జవాబులు తయారయ్యేది ఈ పెట్టెలో కాదు కదా. ప్రపంచంలోని డేటా కేంద్రాలు 2024లో 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తును, అంటే మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతాన్ని ఉపయోగించాయనీ, 2030 నాటికి అది రెట్టింపు దాటవచ్చనీ అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. నాలాంటివాడు పాత ల్యాప్‌టాప్ కొన్నంత మాత్రాన ఆ పద్దు తగ్గదు. తయారీ పద్దు ఒక్కటే నా చేతిలో ఉంది.

ఇక లోపాలు. ఈ మోడల్‌లో సాధారణంగా దొరికే ఫుల్ హెచ్‌డీ తెర వెలుగు 250 నిట్లే కాబట్టి ఆరుబయట కూర్చుని పనిచేసేవారికి చాలదు. అంతకంటే తక్కువ స్పష్టత గల 1366×768 తెర ఉన్నదాన్ని ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి. వెబ్‌క్యామ్ 720పీ. వీడియో ఎడిటింగ్, ఆటలు ప్రధానమైతే ఇది మీ యంత్రం కాదు. రాత, కోడింగ్, పిల్లల చదువు వంటి వాటికి మాత్రం హాయిగా సరిపోతుంది. కీబోర్డు ఈనాటి ఖరీదైన వాటికంటే నా వేళ్లకు బాగా నచ్చింది. కొనే ముందు కౌంటర్ దగ్గరే రెండు బ్యాటరీల రిపోర్టు తీయించండి, యూఎస్‌బీ-సీ పోర్టులు రెండింటిలోనూ ఛార్జర్ పెట్టి చూడండి. బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోవడం మరచిపోవద్దు.